చిత్తడి గ్యాసు

‘స్వాంప్ గ్యాస్’ అన్న మాటకి అమెరికాలో రెండర్థాలున్నాయి. ఒకటి రసాయనశాస్త్రంలోది: చిత్తడినేలల్లో ఆకూ అలమూ కుళ్ళి, బురదలోంచి బుడగలుగా పైకొచ్చే వాయువు. రెండోది వెటకారం. ఇబ్బందిపెట్టే ప్రశ్న అడిగినవాడికి ప్రభుత్వం ఏదో ఒకటి చెప్పి పంపించేస్తోందనిపిస్తే, కాస్త పెద్దవయసు వాళ్ళు ఇప్పటికీ ‘ఆఁ, చిత్తడి గ్యాసేలే’ అంటారు. ఒక మాటకి కొత్త అర్థం ఎప్పుడు పుట్టిందో సాధారణంగా ఎవరూ చెప్పలేరు. దీనికి మాత్రం తేదీతో సహా చెప్పొచ్చు. 1966 మార్చి 25, శుక్రవారం, డిట్రాయిట్ ప్రెస్ క్లబ్.

ఆ రోజు అక్కడ మాట్లాడినాయన జె. ఆలెన్ హైనెక్ అనే ఖగోళశాస్త్రవేత్త. ‘ఎగిరే పళ్ళేల’ విషయంలో అమెరికన్ వైమానిక దళానికి అప్పటికి పద్ధెనిమిదేళ్ళుగా సలహాదారు. అంతకు ఐదు రోజుల ముందు మిషిగన్ రాష్ట్రంలో ఒక ఇంటాయన తన ఇంటి వెనక చిత్తడిలో ఏదో వెలుగు చూశాడు. అదేమిటో చెప్పమని వైమానిక దళం హైనెక్‌ని పంపింది. ఎగిరే పళ్ళేలు ఉన్నాయా లేవా అన్న చర్చ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు, ఆ చర్చ చేసేవాళ్ళకి కొదవా లేదు. ఒక మామూలు మనిషి ‘నేనిది చూశాను’ అంటూ ప్రభుత్వం తలుపు తడితే లోపల ఏం జరుగుతుందన్నదే నన్ను ఈ కథ వైపు లాగింది.

డిట్రాయిట్ వైపు ఉండే తెలుగువాళ్ళకి ఆన్ ఆర్బర్ తెలియని ఊరు కాదు. దానికి వాయవ్యంగా కొద్ది మైళ్ళ దూరంలో డెక్స్‌టర్ అనే చిన్న ఊరుంది. ఆ ప్రాంతమంతా చెరువులూ మడుగులూ చిత్తడినేలలే. మార్చి అంటే అక్కడ మంచు కరిగే నెల. 1966 మార్చి 14 తెల్లవారుజామున ఆ కౌంటీ పోలీసులే కొందరు ఆకాశంలో వెలుగులు కదులుతున్నాయని చెప్పారు. 20వ తేదీ ఆదివారం రాత్రి డెక్స్‌టర్ దగ్గర, పొలాల మధ్య ఇంట్లో ఉండే ఆ ఇంటాయన కుక్కల అరుపులు విని బయటికొచ్చి చూశాడు. చిత్తడి మీద, పొగమంచు పైన, రంగు మారుతున్న వెలుగులు. కొడుకుని వెంటబెట్టుకుని చీకట్లో, బురదలో దానివైపు నడిచాడు. గరుకైన పైభాగం ఉన్న వస్తువేదో కనిపించిందనీ, దగ్గరికి వెళ్ళేసరికి మాయమైందనీ ఆ తరవాత చెప్పాడు. ఇంట్లోవాళ్ళు పోలీసులకి ఫోన్ చేశారు. ఆ మర్నాడు రాత్రి, అక్కడికి గంటకి పైగా కారు ప్రయాణమంత దూరంలో ఉన్న హిల్స్‌డేల్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్ కిటికీల్లోంచి 87 మంది విద్యార్థినులు కాలేజీ తోట పల్లంలో వెలుగులు చూశారు. వాళ్ళతోపాటు ఆ కౌంటీ పౌర రక్షణ అధికారి కూడా చూశాడు.

సాక్షులు ఇంతమంది, అందులో పోలీసులూ అధికారులూ ఉండడంతో వార్త దేశమంతా పాకింది. డెక్స్‌టర్ ఇంటికి జనం తండోపతండాలుగా వచ్చారు. పత్రికలవాళ్ళు, టీవీవాళ్ళు, ఊరికే తమాషా చూద్దామని వచ్చినవాళ్ళు చిత్తడిని తొక్కి పారేశారు. అక్కడ ఒకవేళ ఏదైనా జాడ ఉండి ఉంటే, అది దర్యాప్తు మొదలవక ముందే పోయిందని అనుకోవచ్చు.

అసలు ఈ దర్యాప్తులు ఎందుకు పుట్టాయో కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. 1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి సొంత విమానంలో వెళుతూ వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ రెయినీర్ దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులు అతి వేగంగా పోవడం చూశానన్నాడు. ‘ఎగిరే పళ్ళేలు’ అన్న పేరు అప్పుడు పత్రికలు పెట్టిందే. రెండో ప్రపంచయుద్ధం అయిపోయి రెండేళ్ళు కూడా నిండలేదు. కొత్త శత్రువు రష్యా. జర్మన్ల దగ్గర దొరికిన విజ్ఞానంతో వాళ్ళేం చేస్తున్నారో తెలియదు. ఆకాశంలో తెలియనిది ఏదైనా కనబడితే సైన్యం పట్టించుకోకుండా ఉండలేని కాలం అది. 1948లో ‘ప్రాజెక్ట్ సైన్’ మొదలైంది, 1949లో దాని పేరు ‘గ్రజ్’ అయింది, 1952లో ‘బ్లూ బుక్’ అయింది. కార్యాలయం ఒహాయో రాష్ట్రంలో డేటన్ పక్కన ఉన్న రైట్-ప్యాటర్‌సన్ వైమానిక స్థావరం. పేరు పెద్దదే గానీ చాలా ఏళ్ళు అక్కడ ఒక అధికారి, ఇద్దరు ముగ్గురు సిబ్బంది, ఫైళ్ళ బీరువాలు, అంతే.

1953 జనవరిలో జరిగిన ఒక సమావేశం ఈ కథకంతటికీ తాళంచెవి లాంటిదని నా అభిప్రాయం. సిఐఏ పిలుపు మీద హెచ్. పి. రాబర్ట్‌సన్ అధ్యక్షతన ఐదుగురు శాస్త్రవేత్తలు కూర్చున్నారు. లూయీ ఆల్వరెజ్ వాళ్ళలో ఒకరు, తరవాత ఆయనకి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ళు కొద్దిరోజుల్లోనే తేల్చింది ఏమిటంటే, ఈ వస్తువుల వల్ల దేశానికి నేరుగా ప్రమాదమేమీ కనబడటం లేదు. ఉన్న ప్రమాదమల్లా వీటి గురించి వచ్చే కబుర్లతోనే. వేలాదిమంది ఒకేసారి ఫోన్లు చేస్తే రక్షణ వ్యవస్థ సమాచార మార్గాలు మూసుకుపోతాయి, నిజంగా రష్యా దాడి చేసిన రోజున ఎవరికీ లైను దొరకదు. కాబట్టి జనానికి ఈ విషయం మీద ఉన్న మోజు తగ్గించాలి, అందుకు ప్రచారం కావాలి అని సలహా ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో వైమానిక దళం ఒక నిబంధన తెచ్చింది. కనబడింది ఫలానా మామూలు వస్తువేనని కచ్చితంగా తేలితే ఆ సంగతి స్థానిక అధికారులు పత్రికలకి చెప్పొచ్చు. తేలకపోతే చెప్పకూడదు.

ఈ ఏర్పాటులోని తమాషా చూడండి. అర్థమైనవే బయటికి వస్తాయి, అర్థం కానివి లోపలే ఉండిపోతాయి. బయటినుంచి చూసేవాడికి అన్నీ అర్థమైనట్టే కనిపిస్తుంది. ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడనక్కరలేదు. ‘గుర్తించలేనివి’ అన్న గడిలో అంకె వీలైనంత తగ్గించాలన్న మాట కూడా తరవాతి నిబంధనల్లో రాతపూర్వకంగానే ఉంది. ఒక దర్యాప్తుకి మొదటిరోజే చేరాల్సిన అంకె చెప్పి పంపిస్తే అది ఎటు నడుస్తుందో ప్రభుత్వ కార్యాలయాలు తెలిసిన మనకి వేరే చెప్పక్కర్లేదు.

అలాగని లోపల పనిచేసినవాళ్ళంతా మొక్కుబడిగా చేశారనడం అన్యాయం. సాక్షులు నింపాల్సిన ప్రశ్నాపత్రం ఒకటుండేది. నాకది చాలా ఇష్టమైన కాగితం. చెయ్యి చాపి పట్టుకుంటే ఏ వస్తువు మీరు చూసినదాన్ని కప్పేస్తుంది అని అందులో ఒక ప్రశ్న. కింద వరసగా జవాబులు: గుండుసూది తల, బఠాణీ గింజ, చిన్న నాణెం, పెద్ద నాణెం, బేస్‌బాల్, పంపరపనస, బాస్కెట్‌బాల్. ఆకాశంలో దూరం తెలియనప్పుడు ‘ఇల్లంత ఉంది’ అనే మాటకి అర్థం లేదని, కోణం కొలవగలిగితేనే ఉపయోగమని తెలిసినవాడు రాసిన ప్రశ్న అది. బొమ్మ గీయమంటుంది. ఎటు నుంచి ఎటు వెళ్ళిందో చెప్పమంటుంది. మామూలు మనిషి కంటిని ఒక కొలత పరికరంగా మార్చడానికి చేసిన నిజాయితీ గల ప్రయత్నమది.

హైనెక్ ఈ పనిలోకి 1948లో వచ్చాడు. అప్పుడు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నాడు. డేటన్‌కి దగ్గర్లో ఖగోళశాస్త్రం తెలిసినవాడు కావలసివచ్చి వైమానిక దళం ఆయన్ని అడిగింది. వచ్చిన నివేదికల్లో ఏవి నక్షత్రాలో, ఏవి ఉల్కలో, ఏవి శుక్రగ్రహమో ఏరిపెట్టడం ఉద్యోగం. ఆ ఏరివేతలో ఎక్కువసార్లు దొరికిపోయే నేరస్తుడు మన వేగుచుక్కే. మొదట్లో ఆయనకీ ఇదంతా యుద్ధానంతర పిచ్చి, కొన్నాళ్ళకి అదే పోతుంది అనిపించింది.

ఆయన జీవితంలో మరో అధ్యాయం ఉంది, దాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. 1956 నుంచి కొన్నేళ్ళు ఆయన స్మిత్‌సోనియన్ ఖగోళ పరిశోధనశాలలో కృత్రిమ ఉపగ్రహాల జాడ తీసే కార్యక్రమం నడిపాడు. అందుకోసం ప్రపంచంలో పన్నెండు చోట్ల బేకర్-నన్ కెమెరాలని పెద్ద కెమెరాలు పెట్టారు. వాటిలో ఒకటి మన నైనితాల్‌లో ఉండేది. 1957 అక్టోబర్‌లో రష్యా స్పుత్నిక్‌ని వదిలేసరికి ఆ కెమెరాలింకా సిద్ధం కాలేదు. అప్పుడు ఆదుకున్నది ‘మూన్‌వాచ్’ దళాలు: బడిపిల్లలు, పంతుళ్ళు, గుమాస్తాలు, గృహిణులు చిన్న దూరదర్శినులు ముందేసుకుని తెల్లవారుజామున వరసగా కూర్చుని, చుక్క ఎప్పుడు దాటిందో గడియారం చూసి రాసి పంపేవాళ్ళు. ఆ రాతలతో శాస్త్రవేత్తలు కక్ష్యలు లెక్కగట్టారు.

అంటే ఒకే మనిషి, ఒకే దశాబ్దంలో, మామూలు జనం ఆకాశంలో చూసిన వెలుగులని రెండు బల్లల మీద అందుకున్నాడు. ఒక బల్ల మీద అవి శాస్త్రానికి దత్తాంశాలు. రెండో బల్ల మీద తగ్గించాల్సిన గొడవ. కళ్ళు అవే. మూన్‌వాచ్ వాళ్ళు చూడమన్నదాన్ని చూశారు, డెక్స్‌టర్ ఇంటాయన ఎవరూ చూడమననిదాన్ని చూశాడు. తేడా అంతా అక్కడే వచ్చిందనుకుంటాను.

ఇక 1966 మార్చికి వద్దాం. అప్పటికి హైనెక్ నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. బ్లూ బుక్ అధికారి మేజర్ హెక్టర్ క్వింటనీలా. మిషిగన్‌లో హైనెక్‌కి దొరికిన సమయం రెండు మూడు రోజులు. ఊళ్ళల్లో ఉద్వేగం ఎంతగా ఉందంటే నిదానంగా దర్యాప్తు చేయడం సాధ్యమే కాలేదని ఆయనే తరవాత రాసుకున్నాడు. శుక్రవారం నాటికి పత్రికలకి ఏదో ఒకటి చెప్పక తప్పలేదు. ప్రెస్ క్లబ్ కిక్కిరిసిపోయింది.

ఆయన తెచ్చిన ప్రకటన చదివితే, అందులో తొందరపాటు కంటే జాగ్రత్తే ఎక్కువ కనిపిస్తుంది. తాను మాట్లాడుతున్నది డెక్స్‌టర్, హిల్స్‌డేల్ ఘటనల గురించి మాత్రమే అన్నాడు. రెండూ చిత్తడి దగ్గరే జరిగాయి, రెండిట్లోనూ వెలుగు నేలకి దగ్గరగా, ఒకచోట ఆరి ఇంకోచోట వెలిగినట్టు కనబడింది, కాబట్టి ఇది చిత్తడి వాయువు అయ్యే అవకాశముంది అన్నాడు. దాన్ని రుజువు చేయలేనని కూడా అన్నాడు. పత్రికల్లో వచ్చిన ఒక ఫోటోలోవి చంద్రవంక, శుక్రుడు అని విడిగా తేల్చాడు, అది సరైన మాటే. కానీ విలేకరులకి అంత పొడుగు ప్రకటన అక్కర్లేదు. కాగితం మీద ‘స్వాంప్ గ్యాస్’ అన్న ముక్క వెతికి, దానికింద గీత గీసి, ఫోన్ దగ్గరికి పరుగెత్తిన విలేకరిని చూసి గుండె జారిపోయిందని హైనెక్ తరవాత రాశాడు. మర్నాటి పత్రికల్లో ‘కావచ్చు’ లేదు. ‘రుజువు చేయలేను’ లేదు. కార్టూన్లు మాత్రం బోలెడు.

నవ్వొచ్చే ఈ వివరణ నిజానికి అంత పనికిరానిదేం కాదు. చిత్తడి వాయువు చరిత్ర పాతది. 1776లో ఇటలీలోని మజ్జోరె సరస్సు ఒడ్డున బురదలో కర్ర పెట్టి కెలికి, పైకొచ్చిన బుడగలని సీసాలో పట్టి, అది మండుతుందని చూపించినవాడు వోల్టా, బ్యాటరీ వోల్టాయే. దాన్నే ఇప్పుడు మీథేన్ అంటున్నాం. చిక్కల్లా మీథేన్ తనంతట తాను అంటుకోదు. ఫాస్ఫరస్ కలిసిన వాయువులు కొన్ని గాలి తగలగానే మండుతాయి, అవే అగ్గిపుల్ల పని చేస్తాయని ఒక వాదన. చిత్తడిలో అవి సరిపడా తయారవుతాయా అన్నది వేరే వాదన.

మా అమ్మమ్మగారి ఊళ్ళో ఈ వాదనలు లేవు. రాత్రిపూట చెరువు వెనకాల, బురదపొలాల మీద మిణుకుమంటూ తిరిగే వెలుగుని కొరివి దయ్యం అనేవాళ్ళు. దాని వెనక పోతే దారి తప్పిస్తుంది, కాబట్టి పోకూడదు. పిల్లలకి అంతకన్నా వివరం ఇచ్చేవాళ్ళు కారు, మేమూ అడిగేవాళ్ళం కాము. చిత్తడి గ్యాసు కథ చదివినప్పుడల్లా నాకు ఆ పేరే గుర్తొస్తుంది. ఒకచోట దయ్యం, ఇంకోచోట వాయువు. శాస్త్రం దృష్ట్యా రెండిటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. కానీ ఆ రాత్రి దాన్ని చూసి వచ్చినవాడికి రెండూ చెప్పేది ఒకటే: దానికి పేరుంది, ఇక ఇంట్లోకి వెళ్ళి పడుకో. ఒక తేడా మాత్రం ఉంది. కొరివి దయ్యాన్ని చూసినవాణ్ణి ఊళ్ళో ఎవరూ వెక్కిరించలేదు. డెక్స్‌టర్ కుటుంబాన్ని చాలా వెక్కిరించారు.

వెక్కిరింత రెండోవైపుకీ తిరిగింది. మిషిగన్ జనానికి తాము బురదగ్యాసుని చూసి జడుసుకున్న పల్లెటూరి బైతుల్లా దేశం ముందు నిలబడడం నచ్చలేదు. ఆ రాష్ట్రం నుంచి ప్రతినిధుల సభకి ఎన్నికై అక్కడ రిపబ్లికన్ల నాయకుడిగా ఉన్న జెరాల్డ్ ఫోర్డ్, తరవాత అధ్యక్షుడైన ఫోర్డే, మార్చి 28న సభా సంఘాల అధ్యక్షులకి ఉత్తరం రాశాడు. వైమానిక దళం ఇచ్చిన దానికంటే మంచి జవాబు ప్రజలకి దక్కాలన్నాడు. ఏప్రిల్ 5న సాయుధ దళాల సంఘం విచారణ జరిపింది. వైమానిక దళ కార్యదర్శి హెరాల్డ్ బ్రౌన్, క్వింటనీలా, హైనెక్ హాజరయ్యారు. ఎగిరే పళ్ళేల మీద కాంగ్రెస్‌లో బహిరంగ విచారణ జరగడం అదే మొదలు. చిత్తడి గ్యాసు అన్న మాట అంత పని చేసిపెట్టింది. ఇంటాయన చెప్పిన మాట చేయలేని పని, ఆయన మాటకి దొరికిన జవాబు మీది కోపం చేసింది.

దాని ఫలితంగా దర్యాప్తు సైన్యం చేతిలోంచి విశ్వవిద్యాలయం చేతికి వెళ్ళింది. కొన్ని పెద్ద సంస్థలు మాకొద్దన్నాక 1966 అక్టోబర్‌లో కొలరాడో విశ్వవిద్యాలయం ఒప్పుకుంది. నాయకుడు ఎడ్వర్డ్ కాండన్, క్వాంటమ్ భౌతికశాస్త్రంలో పేరున్నవాడు. 1948లో అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల సంఘం ఆయన్ని దేశభద్రతకి అనుమానితుడిగా వేలెత్తి చూపింది. ప్రభుత్వం అనుమానిస్తే ఎలా ఉంటుందో ఒంటిమీద తెలిసిన మనిషి. అలాంటివాడు సాక్షులతో ఓర్పుగా ఉంటాడని ఎవరైనా ఆశిస్తారు. కానీ పని మొదలై కొద్ది నెలలు కాకముందే ఇందులో ఏమీ లేదని బహిరంగంగా అనడం మొదలుపెట్టాడు. ఒప్పందానికి ముందే ఆయన సహచరుడు రాసిన ఒక అంతర్గత ఉత్తరం బయటపడింది. బయటివాళ్ళకి నిష్పాక్షికంగా కనబడుతూనే శాస్త్రవేత్తలకి మాత్రం మేం నమ్మనివాళ్ళమేనని తెలిసేలా ఈ పథకాన్ని వర్ణించాలి, అందులోనే ఉంది కిటుకు, అన్నది దాని సారాంశం. దాన్ని బయటికి చేరవేసిన ఇద్దర్ని కాండన్ తీసేశాడు. 1968లో ‘లుక్’ పత్రిక ఈ రభసంతా అచ్చేసింది.

1969 జనవరిలో వెయ్యి పేజీలకి దగ్గరగా నివేదిక వచ్చింది. కాండన్ తీర్మానం పుస్తకం మొదట్లోనే ఉంటుంది: ఇరవై ఏళ్ళ పరిశీలన వల్ల విజ్ఞానానికి చేరిందేమీ లేదు, ఇకముందు కూడా చేరేలా లేదు. లోపలి అధ్యాయాల్లోకి వెళితే తేలకుండా మిగిలిన కేసులు కొన్ని ఉన్నాయి. ముందుమాటకీ మధ్యపేజీలకీ పొంతన లేని నివేదికలు మన దగ్గరా తక్కువేం లేవు గనక నాకది వింతగా అనిపించలేదు. అంత పెద్ద పుస్తకాన్ని చివరిదాకా చదివినవాళ్ళు కొద్దిమందే, మొదటి పేజీలే వార్తలయ్యాయి. 1969 డిసెంబర్ 17న బ్లూ బుక్‌ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. మొత్తం 12,618 నివేదికలు, గుర్తించలేనివి 701. మిషిగన్ ఏడాది 1966లో మాత్రమే 1,112 వచ్చాయి, వాటిలో 32 గుర్తించలేనివి.

హైనెక్ ఆ చిత్తడి గ్యాసుని వదిలించుకోలేకపోయాడు. జోకుల్లో, కార్టూన్లలో, ఆయన ఉపన్యాసాల చివర ప్రశ్నల్లో వెంటాడుతూనే ఉంది. అయితే ఆ తరవాతే ఆయన మారాడు. సాక్షుల మాటలని ముందే తోసేయకుండా వర్గాలుగా పేర్చి చూడాలని 1972లో పుస్తకం రాశాడు, 1973లో సొంతంగా ఒక అధ్యయన కేంద్రం పెట్టాడు. ఆయన వర్గీకరణలోంచే 1977 నాటి స్పీల్‌బర్గ్ సినిమాకి ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ అన్న పేరు వచ్చింది. చివరి దృశ్యంలో గడ్డంతో, పైపు పట్టుకుని ముందుకొచ్చి చూసే పెద్దాయన హైనెక్కే. హేలీ తోకచుక్క వచ్చిన 1910లో పుట్టి, అది మళ్ళీ వచ్చిన 1986లో పోయాడు.

బ్లూ బుక్ కాగితాలు 1970లలో జాతీయ అభిలేఖాగారానికి చేరాయి. 94 చుట్టల మైక్రోఫిల్మ్. ఎవరైనా చూడొచ్చు. బయటికి ఇవ్వడానికి ముందు సాక్షుల గోప్యత కోసం వాళ్ళ పేర్లు నల్లసిరాతో కొట్టేశారు. తేదీ ఉంటుంది, ఊరు ఉంటుంది, గాలి ఎటు వీస్తోందో ఉంటుంది, సాక్షి గీసిన బొమ్మ ఉంటుంది. చెయ్యి చాపితే అది బఠాణీ గింజంతా, నాణెమంతా అన్న చోట పెన్సిల్ గుర్తు ఉంటుంది. సంతకం ఉండాల్సిన చోట నల్లటి గీత.